ఎర్రమూత, పసుపుమూత

ఇంతవరకూ నడిచిన కథని నా వ్యాపారం భాషలో చెప్పాలంటే, నేనమ్మిన సరుకు తిరిగి నా ఇంటికే వచ్చింది.

పరిశోధన సంస్థలకి రక్తం పట్టే గొట్టాలు, చేతి తొడుగులు, అట్టపెట్టెలు సరఫరా చేసే మనిషిని నేను. ల్యాబుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గొట్టాల షావుకారు అంటారు. ఆ సంస్థల్లో ఒకదాని మూడో అంతస్తులో నా చెల్లెలు పనిచేస్తుంది. డాక్టరేటు చేతికొచ్చి ఆరేళ్లయింది. ఇది ఆమెకి రెండో పోస్ట్‌డాక్. ఆ మాటకి అర్థమేమిటని మా ఆవిడ ఒకసారి అడిగితే, "చదువనే బస్సు దిగింది, ఉద్యోగమనే బస్సు ఇంకా రాలేదు. మధ్యలో స్టాపులో నిలబడినందుకు జీతమిస్తారు. ఏడాదికోసారి వచ్చి, ఇంకా నిలబడతావా, ఇంటికి పోతావా అని అడుగుతారు" అని చెప్పాను. ఈసారి అడగడానికి ఇంక పదకొండు వారాలే ఉంది.

చెల్లెలు రక్తాన్ని ముట్టుకోదు. రక్తంలోంచి యంత్రం తీసిన అంకెలని కంప్యూటర్లో వేసి, అవి ఏం చెబుతున్నాయో తేల్చడం ఆమె పని. క్లోమంలో వచ్చే కేన్సర్‌ని ముందుగా పసిగట్టాలని వాళ్ల ప్రయత్నం. ఆ రోగం బయటపడేసరికి చెయ్యి దాటిపోతుంది. నూట ఇరవైమంది రోగుల రక్తం, నూట ఇరవైమంది ఆరోగ్యవంతుల రక్తం తెచ్చి పరీక్షిస్తే, అంకెలు వాటంతటవే రెండు గుంపులుగా విడిపోయాయి. అరవై దాటితే రోగం, లోపుంటే లేదు. ల్యాబ్ అధిపతిని అందరూ పెద్దసారు అంటారు. ఆ పెద్దసారు పొంగిపోయారు. వచ్చే సోమవారం ఆసుపత్రివాళ్ల ముందు ప్రకటన. వాళ్లు సరేనంటే నిధులొస్తాయి, చెల్లెలికి మూడేళ్ల పోస్టు వస్తుంది.

పోయినవారం ఈ ఆనందానికి రెండు చిల్లులు పడ్డాయి. ఆరోగ్యవంతుల గుంపులో నలభైయేడో నంబరు మనిషికి డెబ్బైయెనిమిది వచ్చింది. నంబర్లు వచ్చిన వరసలో ఇచ్చినవి కావు, ఏది ఎవరిదో చూడకూడదని రూలు. చెల్లెలు చూసింది. అది మా ఆవిడ. ఆడపడుచుకి మనుషులు దొరకడం లేదని విని, తనంతట తానే వెళ్లి చెయ్యి చాపి రక్తమిచ్చిన మనిషి.

రెండో చిల్లు నా వల్ల పడింది. రక్తం సేకరణ సగంలో ఉండగా ఎర్రమూత గొట్టాలు చేసే కంపెనీ సరఫరా ఆపేసింది. నేను వేరే కంపెనీవి, పసుపుమూతవి తెచ్చిచ్చాను. ఇస్తూ నా నోటితో నేనే అన్నాను, "అదే సరుకమ్మా, మూత రంగే తేడా" అని. ఇప్పుడు చెల్లెలికి ఆ మాట మీదే అనుమానం. నా షాపు వెనక గదంతా గాలించి, గడువు దాటడానికి నెలరోజులున్న ఎర్రమూత గొట్టాల ప్యాకెట్ ఒకటి వెతికిచ్చాను. వాటితో ఒక పరీక్ష చేసి చెబుతానంది.

ఆ వారం రోజులూ నా బుర్రలో ఒక త్రాసు వేలాడుతూనే ఉంది. తప్పు గొట్టాలదైతే మా ఆవిడకి ఏమీ లేదు, చెల్లెలి పోస్టు పోతుంది. తప్పు గొట్టాలది కాకపోతే చెల్లెలి పోస్టు నిలబడుతుంది, మా ఆవిడ... ఏ పళ్లెం కిందికి దిగినా అందులో ఉండేది నా ఇంటి మనిషే. అయినా నేనేం కోరుకున్నానో దాచను. పాతికేళ్ల వ్యాపారంలో నా సరుకు చెడ్డదని తేలితే బాగుండునని కోరుకున్నది అదే మొదలు.

బుధవారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నీ చీటీల పుస్తకం తీసుకుని రా."

*

మూడో అంతస్తులో వరండా పొడవునా ఫ్రీజర్లు. మనిషికంటే ఎత్తు. ఒక్కోదాని నుదుటి మీద ఎర్రటి అంకెలు వెలుగుతుంటాయి. రోజూ వినే రొదే అయినా, ఆవేళ వాటి పక్కన నడుస్తుంటే అవి నన్ను చూసి పళ్లు నూరుతున్నట్టనిపించింది. ఆ తలుపుల్లో ఏదో ఒకదాని వెనక, ఏదో ఒక అరలో, నా భార్య రక్తం గడ్డకట్టి ఉంది.

మీటింగు గదికి ఒకవైపు అద్దం గోడ. పొడుగాటి బల్ల, గోడకి తెల్లబోర్డు, దాని మీద సగం చెరిపిన గీతలు. చెల్లెలు బల్ల చివర కూర్చుని పెన్ను మూత కొరుకుతోంది. చిన్నప్పటి అలవాటు. తొమ్మిదేళ్లప్పుడు పరీక్షల ముందు ఇలాగే కొరుకుతుంటే, కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ ఆ మూత లాక్కుని చేతిలో బెల్లంముక్క పెట్టేది. అమ్మ లేని పిల్ల. జడ వేసింది, జ్వరాలకి కూర్చుంది, హాస్టల్‌కి పంపేటప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది, అన్నీ వదినే.

"కూర్చో అన్నయ్యా. నిలబడి వినే మాట కాదు."

"కూర్చుంటే మాట చిన్నదవుతుందా?"

"పడితే దెబ్బ చిన్నదవుతుంది."

భయమేస్తే వేళాకోళం ఆడటం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. కూర్చున్నాను. ఆమె ఒక కాగితం నా వైపు తిప్పింది. మూడు వరసలు, వరసకి రెండు అంకెలు.

"నేనూ, ఇంకో ఇద్దరూ రక్తమిచ్చాం. ఒక్కొక్కరి దగ్గరా ఒకే సూదితో రెండు గొట్టాలు నింపారు. ఒకటి ఎర్రమూత, ఒకటి పసుపుమూత. మొదటి వరస నాది."

ఎర్రమూత కింద డెబ్బైనాలుగు. పసుపుమూత కింద ఇరవైరెండు.

"ఒకే చెయ్యి, ఒకే నిమిషం" అంది చెల్లెలు. "ఎర్రదాంట్లో నేను పోయేదాన్ని. పసుపుదాంట్లో నూరేళ్లు బతికేదాన్ని. మిగతా ఇద్దరిదీ ఇదే కథ."

"నేను అదే సరుకన్నాను."

"నువ్వన్నావు, మేం విన్నాం. గొట్టం లోపలివైపు ఒక పూత ఉంటుంది. రెండు కంపెనీలకీ పూత వేరు. రోగుల రక్తం ముందు తీశారు, అందరిదీ ఎర్రమూతలో. ఆరోగ్యవంతులు తర్వాత వచ్చారు, వాళ్లది పసుపుమూతలో. నా లెక్క కనిపెట్టింది రోగాన్ని కాదన్నయ్యా. నీ గొట్టాల్ని."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"నా పట్టికలో మనిషి వయసుంది, బరువుంది, తేదీ ఉంది. ఫ్రీజర్లో ఏ అరలో పెట్టారో కూడా ఉంది. ఏ గొట్టమో రాసే గడి మాత్రం లేదు. ఎవరూ పెట్టలేదు. రెండేళ్లు ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నాను, ఒక్కరోజూ అడగాలని తోచలేదు."

నా గుండె మీంచి ఒక మూట దిగింది. దిగినందుకు సిగ్గేసింది. ఎదురుగా నా చెల్లెలి ఆరేళ్ల బతుకు బూడిదవుతుంటే, నేను లోపల లోపల ఊపిరి పీల్చుకుంటున్నాను.

"అయితే మీ వదినకి..."

"అప్పుడే ఊపిరి పీల్చుకోకు" అంది, చెయ్యి అడ్డంపెట్టి. "వదిన పధ్నాలుగో తారీఖున ఇచ్చింది. నీ పుస్తకం తియ్యి."

నాకొక అలవాటుంది. ల్యాబుకి ఏ పెట్టె దింపినా, దాని మీదుండే తయారీ నంబరు చీటీ ఊడదీసి నా పుస్తకంలో అంటించి, పక్కన తేదీ రాసుకుంటాను. వెనకటికి ఒక కంపెనీ చిల్లులున్న చేతి తొడుగులు పంపి, ఆ పెట్టె మాది కాదని బుకాయించింది. అప్పట్నుంచీ చీటీ లేకుండా గుమ్మం దిగను. పేజీ తిప్పాను. పసుపుమూతల మొదటి పెట్టె దింపింది పన్నెండో తారీఖున.

"రెండు రోజుల ముందు" అన్నాను.

"దింపినంత మాత్రాన తెరిచారని కాదు కదా. పాతవి అయిపోతేగాని కొత్త పెట్టె తెరిచేది కాదు మా సూదక్క." రక్తం తీసే ఉద్యోగిని అందరూ అలా పిలిచేవాళ్లు. "ఆ రోజు చేతిలో ఎర్రదే ఉండుంటే వదిన డెబ్బైయెనిమిది గొట్టం పుణ్యమే. వదినకి ఏమీ లేనట్టే."

"పసుపుదైతే?"

చెల్లెలు పెన్నుమూత మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఆరోగ్యవంతుల గుంపు నూట ఇరవైమందిలో ముప్పై దాటినవాళ్లు లేరని నాకు పోయినవారమే చెప్పింది. ఒక్క నలభైయేడు తప్ప.

"సూదక్కని అడుగు."

"రెండు నెలల కిందట మానేసి వెళ్లిపోయింది. నిన్నట్నుంచి ఫోన్ కలవడం లేదు."

ఆ క్షణంలో నా కళ్లకి కట్టింది చీటీల పుస్తకం కాదు, మా ఆవిడ వేలు. పోయిన నెల ఆమె అంట్లు తోముతుంటే ఉంగరం జారి నీళ్లగొట్టంలోకి పోబోయింది. "చూశారా, నడక పనిచేసింది" అని మురిసింది. మనిషిని చూస్తే బరువు చెప్పగలను నేను. ఈ మూడు నెలల్లో ఆరు కిలోల తరుగు. నడకకి అంత తరుగు రాదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు.

*

పెద్దసారు తలుపు తీసుకుని వచ్చారు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఆయన కోప్పడగా చూసినవాళ్లు లేరు. నాకు అలాంటివాళ్లంటేనే భయం. అరిచేవాడు బేరానికి వస్తాడు.

"ఏమండీ షావుకారు గారూ, సరుకు మీరే మోసుకొచ్చారా ఇవాళ?"

"లేదండి. పాత సరుకు గురించి వచ్చాను."

చెల్లెలు కాగితం ఆయన ముందు పెట్టి అంతా చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గొట్టాల సంగతి ఇప్పుడే వింటున్నాను. ఆలోచించాల్సిన విషయమే. కానీ అమ్మా, ముగ్గురి రక్తంతో రెండేళ్ల పని కూలుతుందా?"

"కూలగొట్టక్కర్లేదు సార్. పునాది లేదని తెలిసింది."

"మాట బాగుంది. పేపర్లో రాయడానికి చాలదు."

"సోమవారం ప్రకటన ఆపండి సార్. రేపు ఆసుపత్రివాళ్లు ఈ పరీక్ష నమ్ముకుని, రోగమున్న మనిషికి నీకేం లేదు పో అని చెబితే? ఆ మనిషి స్కాన్ మానేసి ఇంటికి పోతే?"

ఆయన చేతిలోని ఫైలు తెరిచి, ఒక కాగితం తీసి ఆమె ముందు మెల్లగా జరిపారు. తలకిందులుగా కూడా నేను చదవగలను, మా వృత్తిలో అది అవసరం. చెల్లెలి పేరు, హోదా, మూడేళ్ల గడువు. కింద సంతకానికి ఖాళీ గీత.

"నిన్న వచ్చింది" అన్నారు. "నా సంతకం ఒక్కటే మిగిలింది. ఈ నిధులు సోమవారం మీద ఆధారపడ్డాయి, నా మీద కాదు. పదకొండు వారాల తర్వాత మీరు ఎక్కడ దరఖాస్తు పెట్టినా, వాళ్లు మొదట ఫోన్ చేసేది నాకే. రెండేళ్లలో ఏం చేసిందండీ అని అడుగుతారు. నేనేం చెప్పాలి? తన లెక్క తనే తప్పని తేల్చుకుందని చెప్పనా?"

"నిజం చెప్పండి సార్."

"నిజానికి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఉంటే నాకూ చెప్పండి."

ఆయన నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆమెకి ముప్పైనాలుగేళ్లు వచ్చాయి. ఇంకో రెండేళ్లు దాటితే చాలా పోస్టులకి వయసు అడ్డమొస్తుంది. ఇవన్నీ ఆ గదిలో ఎవరూ అనలేదు. అందరికీ తెలుసు.

ఇక ఊరుకోలేక నేను అందుకున్నాను. "సార్, మా ఆవిడ నంబరు నలభైయేడు. ఆవిడ గొట్టం ఎర్రదని తేలితే, ఆరోగ్యవంతుల గుంపులో ఎర్రమూతలో పడ్డ ఒకే ఒక్క మనిషికి రోగమున్నట్టు చూపించిందన్నమాట. ఇంక వేరే రుజువు కావాలా?"

చెల్లెలు ఉలిక్కిపడింది. నంబరు వెనక పేరు చూసినట్టు నేనే బయటపెట్టేశాను. ఆ తప్పు ఒక్కటి చాలు ఆమెని తీసెయ్యడానికి. పెద్దసారు మాత్రం ఉలిక్కిపడలేదు. ఆ నంబరు ఎవరిదో కొత్తగా విన్న మొహం కాదది.

"ఒప్పుకుంటాను" అన్నారు. "ఎర్రమూత అయితే సోమవారం ఆపేస్తాను. ఇప్పుడే, మీ ముందే."

బేరంలో అంత తొందరగా తలూపేవాడు సరుకు ముందే చూసుకుని వచ్చినవాడై ఉంటాడు. ఆ సంగతి నాకు తట్టింది. కానీ అవతలి పళ్లెంలో నా భార్య ఉంది. జేబులోంచి ఫోన్ తీశాను.

"ఇప్పుడెందుకండీ?" ఆయన గొంతు మొదటిసారి కాస్త పలచబడింది. "ఆవిడ పనిలో ఉంటారు. సాయంత్రం తీరిగ్గా అడగండి."

బేరానికి ఒప్పుకున్నవాడు తూకానికి ఎందుకు వెనకాడతాడు? నంబరు నొక్కాను. స్పీకర్లో పెట్టి బల్ల మధ్యన ఉంచాను.

*

"ఏవండీ, చెప్పండి, త్వరగా" అంది మా ఆవిడ. వెనకాల చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక. పొద్దున ఆమెని షాపు కౌంటర్లో కూర్చోబెట్టి వచ్చాను. బయట సరుకు దింపుతున్నారేమో అనుకున్నాను.

"ఏం లేదు. అన్నం తిన్నావా?"

"పదకొండింటికి అన్నమా? ఏం దాస్తున్నారు? ఏదైనా పగలగొట్టారా?"

"ఆ మధ్య చెల్లికోసం రక్తమిచ్చావు చూడు. ఆ గొట్టం మూత ఏ రంగో గుర్తుందా?"

అటువైపునుంచి నవ్వు.

"ఏం మనిషండీ మీరు! నా పుట్టినరోజు గుర్తుండదు గానీ గొట్టం మూత రంగు కావాలి."

"సరదాకి అడిగాను."

"సరదాకి అడిగే గొంతేనా అది? బొంగురుపోయింది. పసుపు. నా హ్యాండ్‌బ్యాగు రంగే. సూదక్క అంది కూడా, మ్యాచింగు చేసుకొచ్చావే అని. ఎర్రవి నిన్నటితో అయిపోయాయి, కొత్త పెట్టెకి నీతోనే బోణీ అంది. తీరా చూస్తే ఆ పెట్టె మీద మన షాపు ముద్ర! మన గొట్టంలోకి మన రక్తమే అని ఒకటే నవ్వు ఇద్దరం."

అద్దం గోడ అవతల ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నా గుండె మీంచి దిగిన మూట తిరిగొచ్చి కూర్చుంది. ఈసారి బరువు రెట్టింపు. గొట్టాల తప్పు గొట్టాలదే, చెల్లెలి పరీక్ష ఉత్తదే. అయినా నా భార్య అంకెకి గొట్టం పూచీ పడటం లేదు. ఉత్త పరీక్ష గనక ఆ డెబ్బైయెనిమిదీ ఉత్తదే కావచ్చు. కాకపోవచ్చు. రెండు పళ్లేలూ ఒకేసారి కిందికి దిగే త్రాసు నేనెక్కడా చూడలేదు.

"విన్నారా? పెట్టేశారా?" అంది ఫోన్లోంచి. "అయినా ఈ మూత మీద అందరికీ ఇంత మోజేమిటండీ? మొన్న మీ చెల్లి వాళ్ల పెద్దసారూ ఇదే అడిగారు."

నేను తలెత్తాను. పెద్దసారు తన కళ్లద్దాలని చూసుకుంటున్నారు.

"మొన్ననా?" అన్నాను. "ఏమన్నారు?"

"పసుపంటే, చాలా మంచిదమ్మా అన్నారు. ఎంత సంతోషపడ్డారో! ఆ తర్వాత... అయ్యో, మీకు చెప్పకూడదన్నారు. పాప పక్కన లేదుగా?"

మా ఇంట్లో చెల్లెలు ముప్పైనాలుగేళ్లకీ పాపే.

"లేదు" అన్నాను, చెల్లెలి కళ్లలోకి చూస్తూ.

"నాలాంటి ఆరోగ్యవంతులకి కూడా ఒక స్కాన్ తీసి చూపిస్తే పాప పోస్టు గట్టిపడుతుందట. తనకి చెబితే రూలు ఒప్పుకోదట. అందుకే గుట్టుగా వచ్చేశాను."

"ఎక్కడికి వచ్చావు?"

"ఎక్కడికేమిటి, ఇక్కడే ఉన్నా. మీ ల్యాబు బిల్డింగులోనే, కింద స్కాన్ గది దగ్గర. షాపుకి తాళం వేశాను, అరవకండి. ఉంగరం తీసెయ్యమన్నారు, తియ్యక్కర్లేదు, చెయ్యి దించితే అదే జారిపోయింది. ఇదిగో, పిలుస్తున్నారు. ఏవండీ, పాపకి చెప్పకండేం. పోస్టు వచ్చాక మనమే చెబుదాం."

ఫోన్ ఆగిపోయింది.

*

ముందుగా మాట్లాడింది చెల్లెలు. గొంతు గుసగుసలా ఉంది. "మీకు ముందే తెలుసు సార్. గొట్టాల సంగతి."

"అనుమానం వచ్చింది. మీకంటే నాలుగు రోజుల ముందు." పెద్దసారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "నేను చేసిన తప్పేమిటో చెప్పండి. డెబ్బైయెనిమిది వచ్చిన మనిషికి స్కాన్ తియ్యాలా వద్దా? ఏమీ లేకపోతే ఆవిడకి మేలు. ఉంటే, అందరికంటే ముందు దొరికింది, అదీ మేలే."

"ఆ మనిషికి చెప్పకుండానా?" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఎందుకు తీస్తున్నారో తెలియకుండా, ఆడపడుచుకి సాయం చేస్తున్నాననుకుంటూ పోయి పడుకుందండీ!"

"చెబితే భయపడేవారు. ఇప్పుడు మీరిద్దరూ భయపడుతున్నారు, చాలదా?"

ఆయన నా వైపు చూడటం మానేసి చెల్లెలి వైపు తిరిగారు. అదే మెత్తటి గొంతు.

"అమ్మా, లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. రెండువందల ముప్పైతొమ్మిదిమంది సంగతి గొట్టాలతో చెప్పెయ్యొచ్చు. ఒక్కరి సంగతి చెప్పలేం. కింద ఆ స్కాన్‌లో మచ్చ కనబడితే, ఏ డాక్టరూ పట్టుకోని రోగాన్ని మీ పరీక్ష పట్టుకున్నట్టు. గొట్టాల మాట తర్వాత సర్దుకుంటాం. సోమవారం ఆగదు, ఈ కాగితం మీద సంతకమూ ఆగదు. ఏమీ కనబడకపోతే మీరన్నట్టే అన్నీ ఆపేస్తాను, మాట తప్పను." చేతి గడియారం చూసుకున్నారు. "ఇరవై నిమిషాలు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఏం చేశారో. మొన్నటిదాకా నా త్రాసులో భార్య ఒకవైపు, చెల్లెలు ఒకవైపు ఉన్నారు. ఎవరు గెలిచినా రెండోవాళ్లకి తామెందుకు ఓడారో తెలియకుండా గడిచిపోయేది. ఈయన ఆ త్రాసు తీసుకొచ్చి నా చెల్లెలి చేతికిచ్చాడు. ఒకడి నష్టమే ఇంకొకడి లాభమని నేనే వెయ్యిసార్లు అనుంటాను, కౌంటర్ దగ్గర, నవ్వుతూ. జడ వేసిన మనిషికీ వేయించుకున్న పిల్లకీ మధ్య ఆ మాట తెచ్చిపెట్టేవాడు ఒకడుంటాడని అనుకోలేదు.

కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. దాని చక్రం విరిగి ఉన్నట్టుంది, ఒరిగి నేల మీద పడింది. చీటీల పుస్తకం చంకలో పెట్టుకుని తలుపు దాకా పోయాను. మెట్లు దిగితే మూడు నిమిషాలు. స్కాన్ గది తలుపు మూసే లోపు మా ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎందుకు పడుకోబెడుతున్నారో చెప్పొచ్చు. ఆ తర్వాత పడుకుంటుందో లేదో ఆమె ఇష్టం.

"రా అమ్మా" అన్నాను వెనక్కి తిరిగి. "మీ వదిన దగ్గరికి పోదాం."

ఫ్రీజర్ల రొద తెరిచిన తలుపులోంచి గదిలోకి దూరింది. పెద్దసారుకి తొందర లేదు.

చెల్లెలు కూర్చున్న చోటినుంచి లేవలేదు. పెన్ను మూత పళ్ల మధ్య అలాగే ఉంది. ఆమె నా వైపు చూడటం లేదు. ఆమె చూపు బల్ల మీది కాగితం చివర, సంతకం పడని ఆ ఖాళీ గీత మీద ఉంది.